కారు ఫ్లైఓవర్ ఎక్కించాక: టెన్షన్‌లో ఎక్కడ కష్టపడాలి, ఎక్కడ వదిలేయాలి

2024 అక్టోబరు మధ్యలో చెన్నైకి భారీ వానల రెడ్ అలర్ట్ వచ్చిన సాయంత్రం మా ఆయన కారు తాళాలు తీసుకుని బయల్దేరారు, వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద పెట్టి రావడానికి. ఆ ఫొటోలు మీరూ చూసే ఉంటారు, వంతెన పొడుగునా గోడవారగా బారులు తీరిన కార్లు. చాలామంది నవ్వుకున్నారు గానీ 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి సీట్ల దాకా నీళ్లు నిండిన కారుని తుడుచుకున్నవాళ్లెవరికీ నవ్వు రాలేదు, మాది అప్పుడు నెలన్నర షెడ్డులో పడుంది. వంతెన మీద పెడితే ఫైన్ వేస్తారని ఒకరు, వెయ్యరని ఒకరు. ఆయన నలభై నిమిషాల్లో తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, పెరుగన్నం తిని, పదింటికల్లా గుర్రు పెట్టారు.

నేను మాత్రం తెల్లవారుజామున మూడింటి దాకా ఫోన్‌లో రాడార్ బొమ్మ చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలకోసారి రిఫ్రెష్. వాన కబుర్లు పెట్టే ‘తమిళనాడు వెదర్‌మ్యాన్’ బ్లాగరు కొత్తగా ఏమైనా పెట్టారా అని ఒకసారి, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరైనా ఏమైనా అన్నారా అని ఒకసారి, వీధిలో నీళ్లు నిలిచాయేమోనని బాల్కనీలోకి ఒకసారి. తీరా చూస్తే వాన మేం భయపడ్డంత పడలేదు. వాయుగుండం పైకి జరిగి నెల్లూరు, తిరుపతి వైపు గట్టిగా కురిసింది. మా అమ్మ ఉండేది నెల్లూరులోనే. నేను రాత్రంతా కాపలా కాసింది వేళచ్చేరికి.

ఇద్దరిలో ఎవరు ఎక్కువ కష్టపడ్డట్టు? గంటల్లో లెక్కేస్తే నేనే, ఆరు గంటల డ్యూటీ. కానీ నా ఆరు గంటల వల్ల ఒక్క చుక్క నీరు కూడా అటు ఇటు కాలేదు. ఆయన చేసింది ప్రయత్నం, ఆ తర్వాత ఆయన చేసింది వదిలేయడం. నేను చేసినదానికి ఆ రెండు పేర్లలో ఏదీ సరిపోదు. చాలా రోజులు నేను దాన్ని ‘జాగ్రత్త’ అనుకున్నాను, అక్కడే మోసపోయాను.

కోతి పిల్లా, పిల్లి పిల్లా

చెన్నైలో ఉంటే ఈ ‘పట్టుకోవాలా, వదిలేయాలా’ గొడవ మనకంటే ఎంత పాతదో తెలుస్తుంది. ట్రిప్లికేన్ పార్థసారథి గుడి దగ్గర గోడల మీద వై ఆకారంలో కనిపించే నామం తెంగలై వాళ్లది, అడుగున గుండ్రంగా తిరిగి యూ ఆకారంలో ఉండేది వడగలై వాళ్లది. వైష్ణవుల్లోని ఈ రెండు శాఖల మధ్య ఉన్న తేడాల్లో ఒకటి సరిగ్గా మన ప్రశ్నే, మోక్షానికి మనమూ కష్టపడాలా, అంతా దేవుడికే వదిలేయాలా అని. కోతి పిల్ల తల్లి పొట్టని తనే గట్టిగా పట్టుకోవాలి, పట్టు వదిలితే కింద పడుతుంది, అది మర్కట కిశోర న్యాయం, వడగలై వారి మాట. పిల్లి పిల్ల ఏమీ చేయదు, తల్లే మెడ పట్టి ఎత్తుకుపోతుంది, అది మార్జాల కిశోర న్యాయం, తెంగలై వారి మాట. ఇద్దరూ వాదించుకుని వాదించుకుని, కంచిలో అయితే తరాల తరబడి కోర్టుల చుట్టూ కూడా తిరిగారు.

మోక్షం సంగతి పెద్దలకి వదిలేస్తాను. టెన్షన్ విషయంలో మాత్రం ‘కోతిలా ఉండాలా, పిల్లిలా ఉండాలా’ అని మొత్తానికి ఒకటి ఎంచుకోబోతే దెబ్బతింటాం. మనలాంటి కంగారు మనుషులు చేసే అసలు పొరపాటు ఏంటంటే రెంటినీ తారుమారు చేయడం. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, నిద్ర పట్టిందా లేదా, ఆ ఆలోచన మళ్లీ వచ్చిందా, వీటిని కోతి పిల్లలా పట్టుకుని వేలాడతాం. కట్టాల్సిన బిల్లు, చేయాల్సిన ఫోను, ఇవ్వాల్సిన రాజీనామా, చేయించుకోవాల్సిన రక్త పరీక్ష, వీటి దగ్గరికొచ్చేసరికి పిల్లి పిల్లలా కళ్లు మూసుకుంటాం. నా సలహా అంతా దీన్ని తిరగేయడం గురించే. బయట చేతికి అందే పని దగ్గర కోతి, ఒంట్లోనూ మనసులోనూ జరిగేదాని దగ్గర పిల్లి.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. జపాన్‌లో షోమా మోరిటా అనే డాక్టరు వందేళ్ల కిందటే ఇలాంటి వైద్యమే చేశాడు, భయాన్ని ఉన్నదున్నట్టు ఉండనివ్వు, నువ్వు చేయాల్సిన పని నువ్వు చెయ్యి అని. చదువుకునే రోజుల్లో ఆయనకీ గుండెదడలూ భయాలూ ఉండేవట. తెలిసినవాడే చెప్పాడన్నమాట.

రెండు కాదు, నాలుగు

ఇక పోలిక. పైకి రెండే దారులు కనిపిస్తాయి గానీ రెంటికీ నకిలీలున్నాయి, ఆ నకిలీలే మార్కెట్‌లో ఎక్కువ తిరుగుతుంటాయి.

అసలైన ప్రయత్నానికి ఒక చివర ఉంటుంది. కారు పైన పెట్టాం, అయిపోయింది. అది అయ్యాక బయట ఏదో ఒకటి మారుతుంది, నాలుగడుగుల కింద ఉన్న కారు ఇరవై అడుగుల పైన ఉంటుంది. నకిలీ ప్రయత్నానికి చివరే ఉండదు. రాడార్ చూడటం ఎప్పటికి పూర్తవుతుంది? గ్యాస్ కట్టేశానా అని మూడోసారి చూడటం, తలనొప్పి గురించి గూగుల్‌లో వెతకడం, ‘నాకేం కాదు కదా’ అని ఇంట్లోవాళ్లని పదే పదే అడగడం, అన్నీ ఈ కోవలోవే. చూసిన వెంటనే ప్రాణం కాస్త కుదుటపడుతుంది, అదే దాంట్లో ఉన్న గమ్మత్తు, పావుగంటలో మళ్లీ చూడబుద్ధవుతుంది. గోకితే తగ్గే దురద ఉంటుందా ఎక్కడైనా?

అసలైన వదిలేయడంలో భయం నాతోనే ఉంటుంది, నేను మాత్రం వెళ్లాల్సిన చోటికి వెళ్తాను. నకిలీ వదిలేయడంలో భయం ఉండదు, ఎందుకంటే నేను ఇంట్లోనే ఉంటాను. ‘ఆ ఉద్యోగం వద్దులే, వదిలేశా’, ‘ఆ పెళ్లికి వెళ్లాలనిపించట్లేదు, ఇలాంటివాటికి అతీతం అయిపోయా’ అనేవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి, భయం లేకపోయుంటే వెళ్లేవాళ్లేనా అని. అవును అన్నారంటే అది వైరాగ్యం కాదు, తప్పించుకోవడం. నన్ను నేను ఈ ప్రశ్న అడగడానికి మూడు నెలలు పట్టింది, ఆ సంగతి కింద చెప్తాను.

నిద్ర: ఇక్కడ పోటీయే లేదు

నిద్ర దగ్గర పిల్లి గెలిచింది, కోతికి డిపాజిట్ కూడా దక్కదు. నిద్ర కోసం ఎంత కష్టపడితే అది అంత దూరం పోతుంది.

మన ఊళ్లలో ఒక పాత కథ ఉంది, వైద్యుడు మందిచ్చి ‘ఇది తాగేటప్పుడు మాత్రం కోతి గుర్తుకు రాకూడదు’ అంటాడు, అంతే, ఆ మనిషి జన్మలో ఆ మందు తాగలేకపోతాడు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే కథని ల్యాబ్‌లో చేసి చూపించాడు. కోతికి బదులు తెల్ల ఎలుగుబంటి. దాని గురించి అనుకోవద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అని చెప్పి విద్యార్థుల్ని కూర్చోబెడితే గంట మోగుతూనే ఉంది. తర్వాత ‘ఇప్పుడు అనుకోవచ్చు’ అన్నప్పుడు, ముందు అణచిపెట్టుకున్నవాళ్లకి మొదటినుంచీ అనుకోనిచ్చినవాళ్ల కంటే ఎక్కువసార్లు గుర్తొచ్చింది. మన వైద్యుడికి ఈ సంగతి ముందే తెలుసు, పేపర్ రాయలేదంతే.

అందుకే రాత్రి పూట ‘ఆలోచించకూడదు, ఆలోచించకూడదు’ అనుకోవడం మానండి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే (గడియారం చూడొద్దు, అందాజుగా) లేచి వేరే గదిలో తక్కువ వెలుతురులో కూర్చుని ఏదైనా చప్పగా ఉండే పని చేసుకోండి, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మంచమెక్కండి. నిద్ర వైద్యంలో నిజంగానే చెప్పే పద్ధతి ఇది, మంచం అంటే మేలుకుని దొర్లే చోటు అని ఒంటికి అలవాటు కాకుండా చూడటం దాని ఉద్దేశం. ఇక్కడ మీరు పడాల్సిన కష్టం ఒక్కటే ఉంది, రాత్రి ఎలా గడిచినా పొద్దున్నే ఒకే టైముకి లేవడం. ఆ, సాయంత్రం ఫిల్టర్ కాఫీ కూడా. ఈ ఊళ్లో ఉంటూ ఆ మాట చెప్పడానికి నోరు రావట్లేదు గానీ కెఫీన్ గుండెదడని పెంచుతుంది, నాకు అయిదింటి డవరా కాఫీ మానడం రాడార్ మానడం కంటే కష్టమైంది.

రైల్లో గుండెదడ: ఇక్కడ రెండూ కావాలి

నేను పనిచేసేది మైలాపూర్‌లో ఒక ఆడిటర్ ఆఫీసులో. వేళచ్చేరిలో రైలెక్కితే తిరుమయిలైలో దిగడం, రోజూ చేసేదే. ఒక రోజు తరమణి దాటాక ఉన్నట్టుండి గుండె గొంతులోకొచ్చింది, చేతులు చల్లబడ్డాయి, పక్కనామె సంచిలోంచి వస్తున్న మల్లెపూల వాసనకి కడుపులో తిప్పింది, ఇప్పుడే చచ్చిపోతానని గట్టిగా అనిపించింది. తిరువాన్మియూర్‌లో దిగిపోయాను. దిగీ దిగగానే తగ్గింది. ఆ తగ్గడమే నా కొంప ముంచింది, ఎందుకంటే ‘దిగాను కాబట్టి బతికాను’ అని బుర్ర రాసేసుకుంది.

ఆ తర్వాత మూడు నెలలు ఆటో. రైలు టికెట్టు అయిదో పదో రూపాయలు, ఆటో రెండొందల పైమాట, లెక్కలు రాసే మనిషిని అయ్యుండీ ఆ లెక్క వేయలేదు. అడిగినవాళ్లకి ‘రైల్లో రద్దీ, ప్రశాంతంగా వెళ్దామని’ అని చెప్పాను. నకిలీ వదిలేయడం అన్నానే, ఇదే.

దీనికి కౌన్సెలర్ దగ్గర నేర్చుకున్నది చెప్తాను. కాళ్లది కోతి పని, రైలెక్కాలి, అదీ కొంచెం కొంచెంగా. మొదటి వారం పెరుంగుడి దాకా, ఒక్క స్టేషన్, దిగి వెనక్కి. తర్వాత తరమణి, ఆ తర్వాత తిరువాన్మియూర్. భయం తగ్గాక ఎక్కడం కాదు, భయంతోనే ఎక్కడం. ఛాతీది పిల్లి పని, దడ వస్తే రానివ్వాలి. ఈ దడ సాధారణంగా పది నిమిషాల్లోపే శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత మనం ఏం చేసినా చేయకపోయినా దిగుతుంది, ఒంట్లో అడ్రినలిన్ ఎంతసేపని పొంగుతుంది? మనం రైలు దిగిపోకుండా ఉంటే ఆ దడ తగ్గడాన్ని రైల్లోనే చూస్తాం, బుర్ర పాత రాత కొట్టేసి కొత్తది రాసుకుంటుంది. ఒక్కసారికి రాసుకోదు, మొండిది, పదిసార్లు చూపించాలి.

ఇందులోనూ నకిలీ దూరుతుంది జాగ్రత్త. నేను చేతిలో నీళ్ల బాటిల్, ఫోన్‌లో మా ఆయన నంబర్ సిద్ధంగా పెట్టుకుని, తలుపు పక్కనే నిలబడి, నాలుగు లెక్కపెట్టి పీల్చి ఆరు లెక్కపెట్టి వదులుతూ ప్రయాణం చేసేదాన్ని. నెమ్మదిగా ఊపిరి వదలడం మంచిదే, కాదనను, కానీ ‘ఈ ఊపిరితో దడ పోవాలి’ అని పట్టుబట్టి చేస్తే అది కూడా రాడార్ చూడటమే. పోయిందా, ఇంకా ఉందా, పోయిందా. బాటిల్ బ్యాగులో పెట్టి లోపలికెళ్లి కూర్చున్న రోజు నుంచే నాకు నిజంగా తేడా తెలిసింది.

ఒక్క హెచ్చరిక, ఇది మాత్రం సీరియస్‌గా తీసుకోండి. ఛాతీలో నొప్పి, దడ, ఆయాసం మొదటిసారి వచ్చినప్పుడు ‘టెన్షనే అయుంటుంది’ అని మీకు మీరే తీర్పు చెప్పుకోవద్దు. డాక్టరుకి చూపించండి, ఈసీజీ తీయించండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువైనా గుండె ఇలాగే కొట్టుకుంటుంది. ఒకసారి బాగా చూపించుకోవడం ప్రయత్నం. అంతా బాగుందన్నాక నెలకో కొత్త డాక్టరు దగ్గరికి అదే ఈసీజీ కోసం తిరగడం నకిలీ.

నెల్లూరు ఫోను

దూరంగా ఉన్న అమ్మానాన్నల గురించి బెంగ, ఇది మన చెన్నై తెలుగువాళ్లందరికీ ఉండేదే, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మూడు గంటల లోపు దూరమైనా సరే. నేను రోజుకి నాలుగైదుసార్లు చేసేదాన్ని. ఎత్తకపోతే పక్కింటావిడకి. ఒక రోజు అమ్మ విసుక్కుంది, ‘ఏంది మే, పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. నేను బాగానే ఉండా, నువ్వే బాగలేవు.’

ఆమె చెప్పింది నిజం. ఇక్కడ కోతి పని ఏముందో ఒక కాగితం మీద రాసుకున్నాను. ఇంట్లో బీపీ మిషన్ పెట్టడం, వారం మాత్రల డబ్బా కొనివ్వడం, పక్కింటావిడ దగ్గర ఒక తాళం చెవి ఉంచడం, దగ్గరలో ఉన్న ఆస్పత్రి నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడం. ఒక ఆదివారం వెళ్లొచ్చి అన్నీ చేసేశాను. మిగిలింది రాత్రి ఏడున్నరకి ఒక్క ఫోను. మధ్యాహ్నం చేయి ఫోన్ మీదికి పోతుంది, ఇప్పటికీ పోతుంది. పోనిచ్చి, వెనక్కి తీసుకుంటాను. మొదటి వారం నరకం, రెండో వారం కాస్త నయం. ఏడున్నర ఫోన్‌లో ఇప్పుడు మా అమ్మ బీపీ గురించి కాకుండా ఎదురింటి కోడలి గురించి మాట్లాడుతుంది, అది నాకు బోనస్.

ఆఫీసు, పరీక్షలు, రిజల్టు

ఇవి తేలిక, కనీసం చెప్పడానికి. నెలనెలా 20వ తేదీకి జీఎస్టీ రిటర్నులు వేయాలి, అప్పటిదాకా కోతిలా పనిచేస్తాను, వేశాక మూడుసార్లు తెరిచి చూడను, ఒక్కసారి చూస్తాను. పిల్లల పరీక్షలకీ అదే, హాల్లోకి వెళ్లేదాకా చదువు, బయటికొచ్చాక ఆన్సర్ కీతో రాత్రి జాగారం అనవసరం. ఉద్యోగం పోతుందేమో అనే భయం మాత్రం కొంచెం వేరు, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు వైపు పనిచేసే మా చెల్లెలి ఇంట్లో చూశాను, దాంట్లో చేయగలిగింది నిజంగానే ఉంటుంది గానీ (రెజ్యూమే దిద్దుకోవడం, ఆర్నెల్ల ఖర్చులు పక్కన పెట్టుకోవడం, కంపెనీ ఇన్సూరెన్స్ కాకుండా సొంతంగా ఒకటి తీసుకోవడం) అదంతా పదిహేను రోజుల పని. ఆ తర్వాత ఏడాదంతా మిగిలేది ఎదురుచూపే. ఎదురుచూపుని పనిగా మార్చబోతే గాసిప్ గ్రూపుల్లో తేలతారు.

అలా మిగిలిపోయే ఆలోచనలకి ఒక చిట్కా పనిచేస్తుంది. రోజుకి ఒక పావుగంటో ఇరవై నిమిషాలో ‘దిగులు టైము’ పెట్టుకోండి, నాకు సాయంత్రం ఆరున్నర, బట్టలు మడతపెడుతూ. మధ్యలో వచ్చిన దిగులుకి ‘ఆరున్నరకి రా’ అని చెప్పి చీటీ రాసుకోవడమే, అణచడం కాదు, అపాయింట్‌మెంట్ ఇవ్వడం. ఆరున్నరకి చీటీ చూస్తే సగం ఏంటో కూడా గుర్తుండదు. మిగతావాటిలో చేయగల పని ఉంటే రేపటి తేదీ వేసి రాస్తాను, లేకపోతే కాసేపు దిగులుపడి లేస్తాను.

సలహాలిచ్చేవాళ్ల గురించి ఒక మాట. ‘అంతా దేవుడి మీద వదిలేయ్’ అనే అత్తయ్యలు, ‘నువ్వే స్ట్రాంగ్‌గా ఉండాలి’ అనే బాబాయిలు, ఇద్దరూ ప్రేమతోనే అంటారు, ఇద్దరూ సగమే అంటారు. కారు సెల్లార్‌లో ఉంచి దేవుడి మీద వదిలేస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు.

రెండూ పనిచేయనప్పుడు

నెలల తరబడి చాలా రోజులు ఇదే పరిస్థితి, నిద్రా తిండీ పనీ దెబ్బతింటున్నాయి అంటే కోతీ పిల్లీ కబుర్లు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికో కౌన్సెలర్ దగ్గరికో వెళ్లండి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అన్నట్టు ఇక్కడ కీల్పాక్ అంటే ఎగతాళి, 1794 నుంచి ఉన్న మానసిక ఆస్పత్రి పేరు తిట్టుగా మారిపోయింది, ఆ ఎగతాళికి భయపడే నేను ఏడాది ఆలస్యం చేశాను. ఎక్కడికీ వెళ్లలేకపోతే 14416కి ఫోన్ చేయవచ్చు, టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే వాయిదా వేయకుండా ఇప్పుడే చేయండి, ఇంట్లో ఒకరికి కూడా చెప్పండి.

మందులు రాస్తే భయపడొద్దు. రోజూ వేసుకునే రకాలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ‘లాభం లేదు’ అని ఆపకండి. అప్పటికప్పుడు దడ తగ్గించే అల్ప్రజోలామ్ లాంటివి అలవాటు పడిపోయే రకం, పక్కింటివాళ్లిచ్చారని వేసుకోకండి, డాక్టరుకి చెప్పకుండా ఉన్నట్టుండి మానేయకండి కూడా. మాత్ర వేసుకోవడం ఓడిపోవడమా అని నన్ను అడిగినవాళ్లున్నారు. ఫ్లైఓవర్ ఉందని వాడుకున్నాం కదా, నీళ్లలో నిలబడి కారుని భుజాల మీద మోయలేదు.

ఇప్పుడు నేను రైల్లోనే వెళ్తున్నాను. తరమణి దాటాక ఒక్కోసారి ఇంకా చేతులు చల్లబడతాయి, ‘వచ్చావా’ అనుకుంటాను, బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాను. తిరువాన్మియూర్, ఇందిరా నగర్, కస్తూర్బా నగర్. కొట్టూర్పురం దాటాక రైలు అడయారు నది మీదికొస్తుంది, అక్కడికొచ్చేసరికి మామూలుగా తగ్గిపోయుంటుంది. మొన్నొక రోజు తగ్గలేదు. అలాగే తిరుమయిలైలో దిగి, మెట్ల దగ్గర పూలమ్మే ఆమె దగ్గర ఒక మూర మల్లెలు కొనుక్కుని ఆఫీసుకెళ్లాను, ఆ రోజు 19వ తేదీ, బోలెడు పని.